జాజు వాద్యబృంద నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్

ఆదోని వీధులలో పెండ్లి యూరేగింపు సాగునపుడు ముందు నడచు బ్యాండు మేళమును, అందలి క్లారినెట్టు ట్రంపెట్టుల ధ్వనిని ఎరుగని బాలుడు గాని బాలిక గాని మనలో నుండరు. ఈ వాద్యములు పాశ్చాత్య సేనల వెంట మనదేశమునకు వచ్చి, కాలక్రమమున మన పెండ్లిపందిళ్లలో స్థిరపడినవి. సముద్రముల కావల అమెరికాలో ఇవే వాద్యములు నల్లజాతివారి చేతికి వచ్చి, జాజు అను నూతన సంగీతమునకు సాధనములైనవి. 1935 మొదలు పదియేండ్లకాలము ఆ సంగీతము స్వింగు అను పేరుతో అచటి నాట్యశాలలను, రేడియోలను ఏలెను. నేడు అమెరికాలోని ఉన్నత పాఠశాలలు పెక్కింట విద్యార్థుల జాజు బృందములు గలవు. అట్టి బృందమును నడుపు ఉపాధ్యాయునకు ప్రతి సంవత్సరమును ఒక చిక్కు ఎదురగుచుండును. పాత స్వింగు కృతులలో దేనిని ఈ పిల్లలచేత వాయింపవలెను? ఈ చిక్కును తన జీవితమంతయు వేరొక రూపమున ఎదుర్కొన్న మహావాద్యకారుని చరిత్రమును ఇచట వ్రాయుచున్నాను.

చరిత్రమునకు ముందు రెండు మాటలు విడమరచి చెప్పవలసియున్నవి. స్వింగనగా ఊగు నడక. మన మృదంగ విద్వాంసులు అక్షరకాలమును నాలుగుగా విభజించిన చతురశ్రమనియు, మూడుగా విభజించిన తిశ్రమనియు చెప్పుదురు గదా. స్వింగునందు ఒక్కొక్క తాళపు దెబ్బను రమారమి మూడు పాళ్లు చేసి, మొదటి స్వరమునకు రెండు పాళ్లును, రెండవదానికి ఒక్క పాలును ఇత్తురు. కాగితముపై మాత్రము రెండును సమముగనే వ్రాయబడియుండును. ఆ యూపును వాయించువాడు చెవితో గ్రహింపవలసినదే. ఇక పదునైదుగురు కలసి వాయించునపుడు ఎవరు ఏ స్వరమును, ఎప్పుడు, ఎంత బిగ్గరగా పలికింపవలెనో ముందుగా వ్రాసియుంచు ఏర్పాటునకు అరేంజిమెంటని పేరు. దానిని మనము వాద్యసంవిధాన మందము. ఒక్క పాటకే పదిమంది పదివిధముల సంవిధానములు చేయవచ్చును. కావున బృందమునకు పాట నెన్నుకొనుట యనగా నిజమునకు సంవిధానము నెన్నుకొనుటయే.

ఎడ్వర్డ్ కెనెడీ ఎలింగ్టన్ 1899 వ సంవత్సరము ఏప్రిల్ 29 వ తేదీన అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున జన్మించెను. ఈయన పితామహుల తరమువారు బానిసత్వములో పుట్టినవారు. ఆ బానిసత్వమును తుదముట్టించిన అమెరికా అంతర్యుద్ధము 1861 నుండి 1865 వరకు జరిగినది. అమెరికా పత్తి ఓడలు ఆగిపోయిన ఆ నాలుగేండ్లలో మనదేశపు పత్తికి ఎన్నడును లేని వెల వచ్చి, అప్పటికి బళ్లారి జిల్లాలో చేరియున్న మన సీమలోని నల్లరేగడి రైతులు కొంతకాలము చేతినిండ డబ్బు చూచిరి. బానిసత్వములో పుట్టినవారి మనుమడే ఈ చరిత్రకు నాయకుడు. తండ్రి జేమ్స్ ఎడ్వర్డ్ ఒక వైద్యుని యింట బట్లరుగా పనిచేసెను. తల్లి డైసీ. ఇంటిలో కలిమి లేకున్నను పియానో ఉండెను. తల్లిదండ్రులిద్దరును దానిని వాయింపగలవారే. బిడ్డ శుభ్రమైన దుస్తులు ధరింపవలెననియు, మర్యాదగా మాటలాడవలెననియు తల్లికి మిక్కిలి పట్టుదల. ఆ వేషమును, ఆ ఠీవిని చూచి తోడిబాలు డొకడు ఈయనకు డ్యూక్ అనగా ప్రభువని బిరుదు పెట్టెను. ఆ పరిహాసనామమే లోకమున నిలిచినది.

ఏడేండ్ల ప్రాయమున పియానో పాఠములు మొదలైనవి గాని, బాలునకు వానియందు శ్రద్ధ కుదరలేదు. బేసుబాలు ఆటమీదనే మనసు. ఆటస్థలమున వేరుసెనగకాయలు అమ్మి ఆ నెపమున ఆటలు చూచుచుండెను. పదునాలుగు పదునైదేండ్లు వచ్చినపిదప, ఊరిలోని పియానో వాద్యకారులను వినుటచే సంగీతమునందు ఆసక్తి రగిలినది. ఆ కాలమున తనంతట వాయించు యంత్రపు పియానోలు ఉండెడివి. రంధ్రములు గల కాగితపు చుట్టను అందు దూర్చినచో మెట్లు వానియంతట అవియే అణగి లేచుచుండును. జేమ్స్ పి. జాన్సన్ అను వాద్యకారుని కృతి నొకదానిని ఎలింగ్టన్ ఇట్లే నేర్చెను. యంత్రమును మెల్లగా నడపుచు, అణగిన మెట్లపై తన వ్రేళ్లుంచి, ఆ వ్రేళ్లకు దారి తెలియువరకు మరల మరల అభ్యసించెను. గురువు దొరకలేదని చేతులు ముడుచుకొని కూర్చుండు మన విద్యార్థులు ఈ సంగతిని గమనింపవలసియున్నది.

ఈయనకు చిత్రలేఖనమునందు కూడ ప్రావీణ్యము గలదు. వృత్తివిద్యల ఉన్నతపాఠశాలలో చదువుచు, చిత్రకళాశాలలో చేరుటకై విద్యార్థివేతనము లభించినను దానిని స్వీకరింపలేదు; 1917 లో పాఠశాల చదువు ముగియక మునుపే విడిచిపెట్టెను. పొట్టకూటికై అంగళ్ల పేరుపలకలను, నాట్యసభల ప్రకటనలను వ్రాయు పని పెట్టుకొనెను. ఎవరైన నాట్యసభకు ప్రకటన వ్రాయింప వచ్చినచో, వాద్యము లేర్పాటు చేసితిరా యని అడిగి, లేదన్నచో తన బృందమునే కుదుర్చుచుండెను! వర్తకపు తెలివియు ఈయనకు జన్మతో వచ్చినట్లు కానవచ్చుచున్నది. 1918 లో వివాహమాడెను. మరుసటి సంవత్సరము మెర్సర్ అను కుమారుడు కలిగెను.

1923 లో స్నేహితులతో న్యూయార్కు చేరి, మరుసటి యేడే చిన్న బృందమునకు నాయకుడయ్యెను. అప్పటివరకు ఆ బృందము మర్యాదగల నాట్యసంగీతమును మాత్రమే వాయించుచుండెను. దాని స్వరూపమును మార్చినవాడు బబ్బర్ మైలీ అను ట్రంపెట్టు వాద్యకారుడు. ఈతడు నీటిగొట్టముల పూడిక దీయు రబ్బరు గిన్నెను ట్రంపెట్టు నోటికి అడ్డముపెట్టి, కంఠమున గుఱుగుఱుమనుచు ఊదెడివాడు. ఆ ధ్వని కొంత మనుష్యుని యేడ్పువలెను, కొంత మృగపు గర్జనమువలెను ఉండెను. ట్రాంబోనుపై అట్టి పనినే జో నాన్టన్ చేసెను. వేరొక నాయకుడైనచో ఇట్టి మొరటు ధ్వనులను మాన్పించియుండును. ఎలింగ్టన్ అట్లు చేయక, ఆ ధ్వనులకు తగిన సంగీతమును వ్రాయ మొదలిడెను. ఈయన కీర్తికి మూలము ఇదియే యని నా యభిప్రాయము.

ఎమ్మిగనూరి మగ్గము లెరిగిన మనకు ఈ సంగతి సులభముగా బోధపడును. ముందు అంచు బొమ్మ గీసికొని, దానికి తగిన నూలును వెదకి తెచ్చుట ఒక పద్ధతి. ఇంటనున్న నూలు ఏ సన్నము, ఏ రంగు, ఎంత బిగువునకు ఓర్చునది యని చేతితో చూచి, దానికి తగిన అంచును ఊహించుట మరియొక పద్ధతి. సంగీతరచయితలలో పెక్కుమంది మొదటి తెగవారు. వారు ట్రంపెట్టునకు వ్రాయుదురు. ఎలింగ్టన్ రెండవ తెగవాడు. ఆయన మైలీకి వ్రాసెను, నాన్టనునకు వ్రాసెను. ఆయన బృందపు స్వరపత్రములు నేటికిని నిలిచియున్నవి. వానిపై మొదటి ట్రంపెట్టు, రెండవ ట్రంపెట్టు అనుటకు మారుగా వాద్యకారుల పేర్లే, అందును పలుమారు వారి ముద్దుపేర్లే, వ్రాయబడియున్నవి.

1927 డిసెంబరు 4 వ తేదీన ఈ బృందము న్యూయార్కులోని హార్లెము పేటయందు కాటన్ క్లబ్ అను విలాసశాలలో ప్రవేశించెను. పేరే పత్తిశాల. పత్తిబజారు గల ఆదోనివారికి ఆ పేరు సొగసుగా తోపవచ్చును గాని, దాని యర్థము చేదైనది. దక్షిణరాష్ట్రముల పత్తితోటలను, బానిసల కాలమును తలపించునట్లు ఆ శాలను అలంకరించిరి. ఆడువారు, పాడువారు, వాయించువారు అందరును నల్లవారు. చూచుటకు వచ్చువారు తెల్లవారు. వాద్యకారుల బంధువులకు ఆ శాలలో కూర్చుండు హక్కు లేకుండెను. అచటినుండి వెలువడిన రేడియో ప్రసారములవలన ఎలింగ్టన్ పేరు దేశమంతట వ్యాపించెను. అవమానపు గడపలోనుండియే కీర్తి బయలుదేరినది. ఆయన దానిని గూర్చి బహిరంగముగ కోపించినది తక్కువ. ఎప్పటికప్పుడు క్రొత్త కృతులు అవసరమైన ఆ యుద్యోగమును తన ప్రయోగశాలగా చేసికొనెను.

ఆ వత్సరములలో చేరిన వాద్యకారుల పేర్లు కొన్ని చెప్పక తీరదు. 1927 లో పదునేడేండ్ల హ్యారీ కార్నీ వచ్చెను. ఈతని బారిటోను సాక్సోఫోను బృందమునకు పునాదిరాయి వంటిది. 1928 లో జానీ హాడ్జెస్ వచ్చెను. ఆల్టో సాక్సోఫోనుపై ఈతని జారుడు స్వరములు మన గమకములను తలపించును. 1929 లో మైలీ తొలగింపబడెను. ఆయన స్థానమున కూటీ విలియమ్స్ అను యువకుడు చేరెను. గుఱుగుఱు ధ్వని చేయుమని ఈతనికి ఎవరును చెప్పలేదు, ఎవరును నేర్పలేదు. ప్రక్కన కూర్చున్న నాన్టను వాయించునది వినుచు, తాను కూర్చున్న కుర్చీ యెవరిదో తానే గ్రహించి, కొలదికాలములో ఆ విద్యను సాధించెను. పదునొకండేండ్ల పిమ్మట, 1940 లో, ఎలింగ్టన్ ఈతని కొరకే ఒక ప్రత్యేక కృతిని రచించి, దానికి కూటీ పేరే పెట్టెను. మైలీ మాత్రము 1932 లో క్షయరోగముచే ముప్పదియేండ్లయిన నిండక మరణించెను.

1930 లో వెలువడిన మూడ్ ఇండిగో అను కృతి ఈయన పద్ధతికి మంచి నిదర్శనము. ట్రంపెట్టు, ట్రాంబోను, క్లారినెట్టు అను మూడు వాద్యములు కలసి వాయించునపుడు క్లారినెట్టును పైస్థాయిలోను, ట్రంపెట్టును నడుమను, ట్రాంబోనును క్రిందను ఉంచుట అప్పటి ఆచారము. ఎలింగ్టన్ ఆ వరుసను తలక్రిందులు చేసెను. క్లారినెట్టును అడుగున మంద్రస్థాయికి దించి, మూత బిగించిన ట్రాంబోనును దాని సహజస్థానమునకు మిక్కిలి పైకెత్తి, మూత బిగించిన ట్రంపెట్టును దాని ప్రక్కనే యుంచెను. స్వరములు సామాన్యములే. ఎవరు ఏ స్వరమును పట్టిరో ఆ చోటు మారుటచేతనే, వినువారికి మూడు వాద్యములలో ఒక్కటియు స్పష్టముగా గుర్తుపట్టరాని క్రొత్తరంగు పుట్టినది.

1933 లో బృందము ఐరోపాకు పోయి గొప్ప మన్ననలు పొందెను. స్వదేశమున దక్షిణరాష్ట్రములలో మాత్రము నల్లవారికి హోటళ్లలో గది దొరకదు, తెల్లవారి సరసన భోజనము దొరకదు. ఆ సంకటమును తప్పించుటకై ఎలింగ్టన్ రైలు శయనశకటములను బృందమునకై ప్రత్యేకముగా బాడుగకు తీసికొని, వానియందే నిద్రించుచు, అందే భుజించుచు ఊరూర సంచరించెను. ఊరివారు ప్రభువుల బండ్లు వచ్చినవని అచ్చెరువొందుచుండిరి. బండ్లకు కారణమేమో బృందమువారికే తెలియును. 1935 లో తల్లి మరణించెను. ఆ దుఃఖములో రచించిన కృతి అప్పటి గ్రామఫోను పలకల నాలుగు ముఖములకు గాని చాలలేదు. ఒక్కొక్క ముఖమున సుమారు మూడు నిమిషముల సంగీతమే పట్టెడు కాలమది. విమర్శకులు కొందరు దానిని నిందించిరి.

1938 డిసెంబరులో పిట్సుబర్గు నగరమున బిల్లీ స్ట్రేహార్న్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు ఈయనను కలిసికొని పియానో వాయించి చూపెను. ఎలింగ్టన్ ఈతనిని న్యూయార్కునకు రమ్మని, తన యింటికి ఏ రైలులో రావలెనో దారి చెప్పెను. ఆ దారినే స్ట్రేహార్న్ పాటగా మలచెను. అదియే టేక్ ది ఏ ట్రెయిన్. 1941 ఆరంభమున సంగీతరచయితల సంఘమునకును రేడియో సంస్థలకును వివాదము గలిగి, ఆ సంఘములో సభ్యుడైన ఎలింగ్టన్ కృతులు రేడియోలో వినిపింపరానివయ్యెను. స్ట్రేహార్న్ ఇంకను సభ్యుడు కాకుండుటచే, ఈతని రైలుపాటయే బృందమునకు ముఖగీతమై, కడవరకు అట్లే యుండెను. ఎలింగ్టన్ సంతకముగా లోకమెరిగిన పాట ఎలింగ్టన్ రచన కాదనుట వింతగదా. ఇరువదియెనిమిదేండ్లు స్ట్రేహార్న్ ఈయన చాటున నుండి పనిచేసెను. ఏ కృతిలో ఎవరి చేయి ఎంతయో విడదీయుట పండితులకును కష్టము.

పాఠశాల బృందముల చిక్కు ఈ చోటనే మనకు ఎదురగుచున్నది. ఒక్కొక్క భాగమును ఒక్కొక్క మనుష్యునికై వ్రాసిన సంగీతమును, ఆ మనుష్యులు పోయినపిదప పదునైదేండ్ల పిల్లలకు ఇచ్చుట ఎట్లు? ప్రకాశకులు పూర్వము దీనికొక ఉపాయము చేసిరి. ప్రసిద్ధ కృతులను, ఎవరైన వాయింపదగినట్లు తేలికచేసి, సాధారణపు సంవిధానములుగా ముద్రించి అమ్మిరి. అందు స్వరము లుండెను గాని ఆ రంగు లేదు. మూడ్ ఇండిగోలో క్లారినెట్టును మరల పైకెక్కించినచో మిగులునది ఏమున్నది? పాలు తీసి నీరు పోసినట్లే. అటులని కూటీ కొరకు వ్రాసిన కృతిని, గుఱుగుఱు ధ్వని ఎరుగని బాలుని ముందు పెట్టుటయు న్యాయము కాదు. సభలో సిగ్గుపడువాడు ఆ బాలుడే, ఎన్నుకొన్నవారు కారు.

1995–96 విద్యాసంవత్సరమున న్యూయార్కులోని లింకన్ సెంటర్ జాజు సంస్థవారు ఈ చిక్కునకు వేరొక పరిష్కారమును ప్రారంభించిరి. ఎలింగ్టన్ బృందపు గ్రామఫోను పలకలను విని, స్వరము తప్పక వ్రాయించి, ఆ అసలు సంవిధానములనే ఉన్నతపాఠశాలలకు వెల లేకుండ పంపుచు, పోటీ నడపుచున్నారు. ఉపాధ్యాయులు వానిలోనుండి ఎన్నుకొందురు. ఎన్నుకొనుటకు ముందు ఎలింగ్టన్ చేసిన పనినే వారును చేయవలెను. తన బృందములో ఎవ డేమి చేయగలడో తెలిసికొనవలెను. బిడియపడక ఒంటరిగా నిలిచి ఊదువాడు గలడా? సాక్సోఫోనువారైదుగురును ఒకే ఊపిరిగా పలుకగలరా? బాసు వాయించువాడు వేగము పెరుగకుండ నిలుపగలడా? కాటన్ టెయిల్ అను 1940 నాటి కృతి అతివేగమైనది. అందు సాక్సోఫోనులు గుంపుగా పరుగిడు భాగము పెద్దలకే కఠినము. సభలో ఉత్సాహము కలుగునని దానిని మొదటి యేడే చేపట్టువారు గలరు. నేను దానిని సమ్మతింపను.

మొదటి కృతిగా 1942 నాటి సీ జామ్ బ్లూస్ కంటె తగినది కానరాదు. దాని పల్లవి యంతయు రెండే స్వరములు. పంచమము, దానిపై షడ్జము. పండ్రెండు ఆవర్తములకు ఒకసారి తిరుగు చట్రములో బాలురు ఒకరి తరువాత ఒకరు లేచి తమకు తోచినది వాయింతురు. మన కచేరీలలో కల్పనస్వరములు వంతులవారీగా పాడినట్లే. చేతగానివాడు ఆ రెండు స్వరములతోనే తన వంతు ముగింపవచ్చును. చేతనైనవాడు ఎంతదూరమైన పోవచ్చును. రెండవదిగా మూడ్ ఇండిగోను చెప్పుదును. నెమ్మదిగా సాగు కృతి గనుక సులభమని తలంపరాదు. మూడు వాద్యములును శ్రుతి తప్పక నిలువవలెను. అయినను మంద్రస్థాయి స్వరములే క్లారినెట్టు నేర్చువారు మొదట నేర్చునవి కావున, ఆ భాగము క్రొత్తవానికిని అందును. ట్రాంబోను భాగము మాత్రము పైస్థాయిలో నుండుటచే నేర్పరి కావలెను. మనవంటి యూళ్లలో ఎవరైన ఇట్టి బృందమును కూర్పదలచినచో, పెండ్లిమేళములలో దొరకు క్లారినెట్టు, ట్రంపెట్టు, డ్రమ్ములతో, పియానోకు మారుగా హార్మోనియముతో ఈ రెండు కృతులకు పూనుకొనవచ్చును. ట్రాంబోను లేనిచో రెండవ ట్రంపెట్టు ఆ స్వరమును పట్టవచ్చును గాని, రంగు కొంత తగ్గును. ఏ ట్రెయిన్ పాట మూడవ యేటికి చాలును.

ఇక జీవితకథ. 1943 జనవరి 23 వ తేదీన కార్నెగీ హాలులో అమెరికా నల్లజాతివారి చరిత్రను వర్ణించు దీర్ఘకృతిని ఎలింగ్టన్ వినిపించెను. మెచ్చినవారును గలరు, వెక్కిరించినవారును గలరు. యుద్ధానంతరము స్వింగునకు గిరాకి తగ్గినది. పెద్ద బృందములు ఒక్కొక్కటిగా మూతపడెను. 1951 లో హాడ్జెస్ మొదలగు ముగ్గురు ముఖ్యులు ఒక్కసారి విడిచిపోయిరి. ఎలింగ్టన్ తన పాటల రాబడిని జీతములకు ధారపోసి బృందమును నిలిపెను. వ్రాసినది మరునాడే వినవలెనన్న కోరిక ఆయనచేత ఆ వ్యయము చేయించినది. 1956 జులై 7 వ తేదీన న్యూపోర్టు ఉత్సవమున పాల్ గొన్సాల్వెస్ అను సాక్సోఫోను వాద్యకారుడు ఒకే కృతిలో ఇరువదియేడు ఆవృత్తులు విడువక వాయింపగా, జనులు కుర్చీలు విడిచి నాట్యమాడిరి. ఆ రాత్రితో బృందమునకు మరల మంచిదినములు వచ్చినవి.

1963 సెప్టెంబరులో అమెరికా విదేశాంగశాఖ పక్షమున ఈ బృందము డమాస్కసులో ప్రారంభించి పశ్చిమాసియా, దక్షిణాసియా దేశములలో పర్యటించెను. ఢిల్లీలో ఎలింగ్టన్ జబ్బుపడి ఆసుపత్రిలో చేరవలసివచ్చెను. బృందము ఆగలేదు. నాయకుడు లేకుండగనే హైదరాబాదు, బెంగుళూరు, మద్రాసు నగరములకు పోయి వాయించెను. ఆయన బాధ్యతను స్ట్రేహార్న్ వహించెను. తెలుగుదేశమున ఎలింగ్టన్ సంగీతము ఎలింగ్టన్ బృందముచే మ్రోగినపుడు ఎలింగ్టన్ అచట లేడు. అయినను కార్నీ తన స్వరమును, హాడ్జెస్ తన స్వరమును, తిరిగివచ్చిన కూటీ తన గర్జనమును పలికించుచుండిరి. వారివారి కొలతకు కుట్టిన వస్త్రములు వారి మేననే యుండెను. పిదప ఆయన బొంబాయిలో బృందమును కలిసికొనెను. ఆ పర్యటనము నవంబరు 22 వ తేదీన, బృందము అంకారాలో నుండగా అధ్యక్షుడు కెనెడీ హత్యావార్త వచ్చుటతో ఆగిపోయెను. ఈ యాత్రాఫలముగా ఎలింగ్టన్, స్ట్రేహార్నులు రచించి 1966 లో పలకల కెక్కించిన ఫార్ ఈస్ట్ సూట్ నందు ఆగ్రా పేరిట ఒకటియు, ఢిల్లీలో స్ట్రేహార్న్ విన్న గోరువంక కూతను క్లారినెట్టుపై పలికించు కృతి యొకటియు గలవు.

1965 లో పులిట్జరు బహుమాన సంఘమునకు సంగీత విషయమున సలహా ఇచ్చు న్యాయనిర్ణేతలు ఎలింగ్టనుకు ప్రత్యేక సత్కారము చేయవలెనని సూచింపగా, పై సంఘమువారు నిరాకరించిరి. నిర్ణేతలలో ఇద్దరు రాజీనామా ఇచ్చిరి. అరువదియారేండ్ల ఎలింగ్టన్ తన వయస్సును గూర్చి చమత్కారమాడి ఊరకుండెను. ఆ గౌరవము 1999 లో, ఆయన నూరవ జయంతి సంవత్సరమున, గతించినవానికి ఇయ్యబడెను. అదే 1965 లో సాన్ ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కతీడ్రలు దేవాలయమున భక్తిసంగీత సభను నడిపెను. నాట్యశాలల వాద్యములు దేవాలయమున ప్రవేశించుటను గూర్చి ఆక్షేపించినవారు లేకపోలేదు. చిన్ననాట తల్లివెంట ఆదివారములు రెండు దేవాలయములకు పోవుచుండిన ఆయన, ఆ సభలను తన పనులన్నింటిలోను ముఖ్యమైనవిగా ఎంచెను. 1967 మే నెలలో స్ట్రేహార్న్ క్యాన్సరు వ్యాధిచే మరణించెను. 1969 లో తన డెబ్బదవ జన్మదినమున ఎలింగ్టన్ అమెరికా అధ్యక్షుని భవనమున స్వాతంత్ర్య పతకమును పొందెను. తండ్రి ఒకప్పుడు విందులలో వడ్డన చేసిన భవనమదియే.

మూడవ భక్తిసంగీత సభ 1973 అక్టోబరులో లండనులోని వెస్టుమినిస్టరు ఆబీయందు జరిగెను. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు ఆయనను పీడించుచుండెను. 1974 మే 24 వ తేదీన న్యూయార్కులో, డెబ్బదియైదేండ్ల వయస్సున, పరమపదించెను. ఉత్తరక్రియలకు పండ్రెండువేలకు మించిన జనము వచ్చిరి. బృందపు భారము కుమారుడు మెర్సర్ స్వీకరించెను. స్వరపత్రములు 1988 లో వాషింగ్టనులోని స్మిత్సోనియను వస్తుప్రదర్శనశాలకు చేరినవి. పేర్లు వ్రాసిన ఆ కాగితములను ఇప్పుడు విద్యార్థులును, పండితులును పోయి చూచుచున్నారు.

పదునేడేండ్ల ప్రాయమున చేరి, నలుబదియేడేండ్లు వేరొకచోటికి పోని హ్యారీ కార్నీ, నాయకుడు గతించిన నాలుగున్నర నెలలకు, 1974 అక్టోబరు 8 వ తేదీన మరణించెను.